రోసీ జడలో పువ్వు

తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో తెర మీదికి రాళ్లు పడ్డాయి. ఆడుతున్నది ‘విగతకుమారన్’. మలయాళంలో తొలి సినిమా, మూకీ. తీసినవాడు జె.సి. డేనియల్. మొదటి ఆట 1928లో పడిందని కొందరు, 1930లో అని కొందరు రాస్తారు. ఏడాది సంగతి అట్లా ఉంచుదాం. రాళ్లెందుకు పడ్డాయన్నదే మనకు కావాల్సింది.

నాయిక పి.కె. రోసీ పులయ స్త్రీ. గడ్డి కోసుకుని బతుకుతూ కాక్కరిశ్శి నాటకాలాడేది. సినిమాలో ఆమె వేసింది సరోజిని అనే నాయర్ యువతి వేషం. నాయకుడు ఆమె జడలోని పువ్వును ముద్దాడే సీను దగ్గర హాల్లోని అగ్రకులాల వాళ్లు లేచారని చెబుతారు.

సినిమాలో కామం గురించి మాట్లాడే మేధావులు లారా మల్వీ 1975 నాటి వ్యాసాన్ని తప్పక ఎత్తుకుంటారు. హాలీవుడ్ సినిమాలో చూసేవాడు మగవాడు, చూపుకి ఆనేది స్త్రీ, తెర ఇచ్చే సుఖం అక్కడుందన్నది ఆమె వాదన. ఆ ‘స్త్రీ’ తెల్ల స్త్రీయే గదా అని బెల్ హుక్స్ 1992లో నిలదీసింది. మరి కాపిటల్ థియేటర్లో మగ ప్రేక్షకుడికి ఆ సుఖం ఎందుకు చెడింది? రోసీ దేహం అశ్లీలంగా ఉండి కాదు. ఆమె ఒంటి నిండా నాయర్ బట్టలున్నాయి. ఆ బట్టలే వాళ్లను మండించాయి. పొలం గట్టున, చీకట్లో, దళిత స్త్రీని చెరబట్టడానికి ఏ అంటూ అడ్డం రాలేదు. దానికెవరూ రాళ్లు వేయలేదు. నలుగురి ముందు, వెలుగులో, ప్రేమించదగిన మనిషిగా నిలబడితేనే మైల!

అంబేడ్కర్ 1916లోనే చెప్పాడు, కులానికి ప్రాణం స్వకుల వివాహమని. అంటే కులం ముందుగా కాపలా కాసేది కోరికనే.

రోసీ వేషానికి వెనక ఒక పోరాటం కూడా ఉంది. 1915లో పెరినాడ్‌లో పులయ స్త్రీలు తమ కులానికి గుర్తుగా వేసుకోక తప్పని రాతిపూసల దండలు తెంపిపారేసి రవికెలు తొడిగారు. వెనక నిలిచినవాడు అయ్యంకాళి. మీద దాడులు జరిగాయి. ఒంటిని ఎట్లా చూపాలో, ఎట్లా కప్పాలో తామే నిర్ణయించుకుంటామన్న ఆడవాళ్ల తరం అది. రోసీ ఆ తరం పిల్ల.

మన తెలుగు సంగతి చూడండి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది. బ్రాహ్మణ యువకుడు మాల యువతిని ప్రేమిస్తాడు. ఆ రోజుల్లో సాహసమే, కాదనం. అయితే శంపాలతగా జనం కళ్లల్లో నిలిచింది కాంచనమాల, మాలవాడ పిల్ల కాదు. దళిత స్త్రీ పాత్ర అందంగా ఉండొచ్చు, ఆ అందం మాత్రం బయటినుంచి తెచ్చుకోవాలి. తిరువనంతపురంలో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసి. అక్కడ పాత్ర నాయర్‌ది, మనిషి పులయది. మొదటిది హిట్టయింది. రెండోదానికి రాళ్లు పడ్డాయి.

ఆ ఆటకు రోసీని పిలవనేలేదు. ఆమె వస్తే తాము రామని ఊరి పెద్దలు అడ్డుపడ్డారంటారు. ఆ తర్వాత ఆమె ఇంటికి నిప్పుపెట్టారు. రోసీ తమిళ దేశం వైపు పారిపోయి, ఒక లారీ డ్రైవర్ని పెళ్లి చేసుకుని, రాజమ్మాళ్ అనే పేరుతో బతికింది. మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు.