పాత మోటారు బండ్ల జీర్ణోద్ధారము



జీర్ణోద్ధారమను మాట మనకు దేవాలయముల సందర్భమున చిరపరిచితము. గోపురము బీటలు వారినప్పుడు, మండపమున స్తంభము ఒరిగినప్పుడు, గ్రామస్థులు కూడి దానిని తిరిగి నిలుపుదురు. అట్లు నిలిపినవారికి క్రొత్త గుడి కట్టించినవారికంటె తక్కువ పుణ్యము లేదని మన పూర్వుల విశ్వాసము. నేడు నేను చెప్పబూనిన జీర్ణోద్ధారము దేవాలయములది కాదు, మోటారు బండ్లది. పాడుపడిన కారునో జీపునో కొని, తీరిక వేళల దానిని విప్పి, తుప్పు గీకి, లోపించిన భాగములను వెదకి తెచ్చి, తిరిగి నడిపించుట లోకమున అనేకులకు వినోదముగా నున్నది. ఇది ధనికుల విలాసమని కొందరును, పనిలేనివారి పిచ్చియని కొందరును అందురు. ఈ వినోదము ఎట్లు పుట్టినది? పలాస, టెక్కలి, ఉద్దానము వాసులమైన మనకు దీనితో సంబంధమేమి? దీనివలన నిలుచునదేమి? ఈ మూడు ప్రశ్నలను విచారింతము.

మోటారు బండికి ముసలితనము త్వరగా వచ్చును. ఏటేట క్రొత్త రకములు వెడలుచుండగా, పదియేండ్ల క్రిందటి బండి పనికిమాలినదని మూలకు చేరును. ఇంగ్లండులో 1896వ సంవత్సరము నవంబరు 14వ తేదీన కొందరు మోటారు యజమానులు లండను నుండి సముద్రతీరమందలి బ్రైటను పట్టణము వరకు తమ బండ్లను నడిపిరి. గంటకు నాలుగు మైళ్లకు మించి పోరాదను పాత నిర్బంధము తొలగిన సంతోషమున జరిపిన ఉత్సవమది. ముప్పదియొక్క సంవత్సరముల పిమ్మట, 1927లో, ఆ కాలపు ముసలి బండ్లను కొట్టముల నుండి బయటికి తీసి, అదే దారిని మరల నడిపిరి. 1930లో అట్టి బండ్ల యజమానులు ఒక సంఘముగా ఏర్పడిరి. 1905కు పూర్వము తయారైన బండ్లు నేటికిని ఏటేట ఆ దారిని నడుచుచున్నవి. అక్కడ ఈ విద్య వినోదముగానే పుట్టి, వినోదముగానే పెరిగినది.

మన దేశమున అట్లు కాదు. మనకిది అవసరముగా పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, పెట్రోలునకు కట్టుబాటు వచ్చెను. 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. అట్టి దినములలో క్రొత్త బండ్లెక్కడివి? క్రొత్త సామానెక్కడిది? ఉన్న బస్సులకే వెనుక ఒక ఇనుప పొయ్యిని తగిలించి, బొగ్గు మండించి నడిపిరి. వానినే మనవారు బొగ్గు బస్సులనిరి.

ఆ పొయ్యి పని తీరు తెలియదగినది. బొగ్గునకు చాలినంత గాలి తగులనీయక మండించినచో, మండు గుణముగల విషవాయువొకటి పుట్టును. దానిని చల్లార్చి, మసి వడగట్టి, ఇంజనులోనికి పంపుదురు. పెట్రోలు స్థానమున అది మండి బండిని లాగును. కాని బలము తగ్గును. ప్రయాణమునకు ముందుగా పొయ్యి రాజేసి, గాలిమరను త్రిప్పవలెను. మసి గట్టిన గొట్టములను మాటిమాటికి శుభ్రపరుపవలెను. ఈ పనిలో చేయి తిరిగిన మేస్త్రీలకు ఇంజను హృదయము తెలిసినది. పుస్తకము చదివి కాదు, చేతులు కాల్చుకొని నేర్చిన విద్య యది.

యుద్ధము ముగిసెను. ఆ యుద్ధమునకై అమెరికాలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారైనవి. మన దేశమున మిగిలిన సైనిక వాహనములలో అనేకములు ప్రజలకు అమ్ముడుపోయెను. ఆ జీపు ఇంజను నాలుగు సిలిండర్లది, అరువది గుఱ్ఱముల బలము గలది. విప్పి కూర్చుటకు సులభమైనది. తరువాత 1957లో హిందుస్థాన్ మోటార్సు వారి అంబాసిడరు వచ్చినది. ఇంగ్లండు దేశపు మోరిసు ఆక్సుఫర్డు బండి దీనికి మాతృక. కలెక్టరుగారి కచేరి మొదలు పెండ్లి ఊరేగింపు వరకు దాని రూపమెరుగని పల్లె లేదు. 2014వ సంవత్సరము మే నెలలో దాని తయారీ నిలిచిపోయినది. అనగా, నిన్నటి వరకు రోడ్డు మీద తిరిగిన బండి నేడు చరిత్రలోనికి పోయినది.

చరిత్రలోనికి పోయిన యంత్రమునకు రెండు గతులు గలవు. మొదటిదానికి మన కన్నుల యెదుటనే ఉదాహరణమున్నది. నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి పోవు చిన్న రైలును మీలో అనేకులు ఎక్కియుందురు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ మార్గము 1900వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ప్రారంభమాయెను. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే. 1931 నాటికి అది గుణుపురము చేరెను. 2004వ సంవత్సరము జూన్ 9వ తేదీతో ఆ చిన్న రైలు ఆగిపోయినది. మార్గము వెడల్పు చేయబడి, పెద్ద రైలు వచ్చినది. ప్రయాణికులకు అది మేలే. కాని ఆ చిన్న ఆవిరి ఇంజనులలో మిగిలినవి ప్రదర్శనార్థము అరుగుల మీద నిలిచియున్నవి. రంగు వేయబడిన ఆ ఇంజనులో నిప్పు లేదు. నిప్పు రాజేయు నేర్పరి చేయి కూడ క్రమముగా మాయమగును. యంత్రము విగ్రహమైనచో దాని రూపము మిగులును, విద్య మిగులదు.

రెండవ గతి, నడుచు స్థితిలో నిలుపుట. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపు వన్నెగల రోల్సు రాయిసు కారొకటి కలదు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను దానికై ఆనతిచ్చి, అది చేరకమునుపే 1911లో గతించెను. ఏడవ నిజాము కాలమున అది వచ్చినది. ఇటీవల దానిని జీర్ణోద్ధారము చేసి చూపరులకు ఉంచిరి. ఇది రాజుల ఐశ్వర్యము. సామాన్యుల పట్టుదలకు కూడ ఆ నగరముననే ఉదాహరణమున్నది. కె. సుధాకరు అను ఆయన బాల్యము నుండి పాత ఇనుప సామానులతో చిత్రవిచిత్రమైన కార్లు నిర్మించి, 2010లో బహదూరుపురాయందు ఒక ప్రదర్శనశాలనే స్థాపించెను. ధనము కంటె ఓపిక ముఖ్యమనుటకు ఇది చాలును.

ఇక మన యువకులలో ఎవరైన పాత బండి కొని బాగుచేయవలెనని ఉత్సాహపడినచో, పెద్దలైన మీరు వారించుటకు ముందు మూడు సంగతులు చెప్పుడు.

మొదటిది తుప్పు. మన ఉద్దానము తీరమున ఉప్పుగాలి యెట్టిదో మీకు తెలియును. తలుపు కీలే రెండేండ్లు నిలువదు. బండి కొనువాడు పైరంగు చూచి మోసపోరాదు. జీపునకు అడుగున ఇనుప చట్రము వేరుగా నుండును. పైరేకు తినిపోయినను చట్రము గట్టిగానున్నచో బండి దక్కును. అంబాసిడరునకు అట్టి వేరు చట్రము లేదు. రేకుల కూర్పే దాని బలము. దాని అడుగు రేకులు తినిపోయినచో అది చర్మవ్యాధి కాదు, ఎముకల వ్యాధి. కావున పాయకు క్రింద పడుకొని, సుత్తితో తట్టి చూచి, పిమ్మటనే బేరమాడవలెను.

రెండవది పని వరుస. ముందు కాగితములు, పిదప బ్రేకులు, పిదప ఇంజను, చిట్టచివర రంగు. చాలమంది రంగుతో మొదలిడి, ఇంజను దగ్గర చతికిలబడుదురు. ఏండ్లతరబడి నిలిచిన ఇంజనును బండి నెట్టి తిరుగజేయుట ప్రమాదము. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, చేతితో మెల్లగా త్రిప్పవలెను. నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు అను సారాయి కలిసియున్నది. అది నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను చెఱచును. వానిని మార్చక నడిపినచో నిప్పంటుకొను భయము కలదు.

మూడవది చట్టమును ఖర్చును. 2021వ సంవత్సరము జూలై నెలలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటి, మూలరూపము మారని బండ్లకు ప్రత్యేకమైన నిబంధనలు చేసినది. క్రొత్తగా నమోదు చేయుటకు రుసుము 20,000 రూపాయలు. అది పదియేండ్లు చెల్లును. అట్టి బండిని ప్రదర్శనలకు, ఊరేగింపులకు, మరమ్మతులకు నడుపవచ్చునే గాని నిత్యప్రయాణమునకు కాదు. బాడుగకు అసలే కాదు. ఇక ఖర్చు సంగతి. బండి వెల అల్పము, దానిని బాగుచేయు వ్యయము అనల్పము. జీడితోట కుదువపెట్టి చేయదగిన పని కాదిది. మిగులు సొమ్ముతో, మిగులు కాలముతో చేయదగినది. 2018వ సంవత్సరము అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరితోటలను నేలగూల్చినప్పుడు, మరల మొక్క నాటి కాయకై ఏండ్లకేండ్లు ఎదురుచూచిన మనకు, ఓపికను గురించి వేరొకరు చెప్పవలసిన పని లేదు.

పెద్దలారా! ఈ తీరమున పూర్వము మేకులు లేక, కొబ్బరి త్రాటితో పలకలను కుట్టి పడవలు చేసెడివారు. త్రాడు చివికినప్పుడు కుట్టు విప్పి, ఆ పలకలనే క్రొత్త త్రాటితో మరల కుట్టెడివారు. త్రాడు మారినను పడవ మారలేదు. జీర్ణోద్ధారముయొక్క ధర్మమంతయు అందే యున్నది. చివికినదానిని మాత్రమే మార్చవలెను, నిలిచినదానిని నిలుపవలెను. మెఱుగు కొఱకు పాత భాగములన్నియు పాఱవేసినచో మిగులునది పాత బండి కాదు, పాత పేరు పెట్టుకొన్న క్రొత్త బండి.

చివర నొక్క మనవి. రాజమార్గము ప్రక్కన పలాసలోను టెక్కలిలోను ఇంజను చప్పుడు వినియే రోగము చెప్పగల ముసలి మేస్త్రీ యెవరైన మీకు తెలిసినచో, పాత బండిపై మోజుగల యువకుని ఆయన వద్దకు పంపుడు. నేటి బండికి రోగము వచ్చినచో యంత్రమే యంత్రమును పరీక్షించుచున్నది. కనుక ఆయన చెవికిని చేతికిని పని తగ్గుచున్నది. పాడుపడిన జీపొకటి వారిరువురి నడుమ నిలిచినచో, అది బడియగును. పాత ఇనుమునకు మనకు తూకము చొప్పున వెల దొరకును. ఆ మేస్త్రీతో పోవు విద్యకు తూకమును లేదు, వెలయును లేదు. ఆ సంగతి మీ చెవిని వేసి, ఇంతటితో విరమించుచున్నాను.