పులస దారి

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపప్రసాదానికి బారులు తీరే జనాన్ని చూసినప్పుడల్లా నాకు గోదావరి పులస జ్ఞాపకం వస్తుంది. ప్రసాదంలో ఇచ్చే కొర్రమీను చెరువులో పెరిగే చేప. పులస అటువంటిది కాదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గ్రుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలో ప్రవేశించాకే పులస. పాశ్చాత్యుల సాల్మన్‌దీ ఇదే యాత్ర.

1847-1852 నడుమ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. డెల్టా అన్నపూర్ణ అయింది, కాదనను. చేప దారి మాత్రం మూసుకుపోయింది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే మన నదులను పరిశీలించి, ఆనకట్టలు వలస చేపలకు అవరోధాలనీ, సన్నకన్నుల వలలు పిల్లలను సైతం ఊడ్చేస్తున్నాయనీ 1873 నాటి నివేదికలోనే వ్రాశాడు. విన్నదెవరు? 1982 నాటికి పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వెలసింది. సముద్ర ముఖాన వలలూ పెరిగాయి, నదిలో కాలుష్యమూ పెరిగింది.

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతకు తరగతిలో ఎన్నోసార్లు అర్థం చెప్పాను. అంత ధర ఎందుకో ఒక్క విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఒడిశా నుంచి వచ్చిన ఇలసను సైతం పులస పేరిట అమ్ముతున్నారు. కొనేవారు విచారించి కొనండి.