టిఫ్టన్ గరికలు

టిఫ్టన్ గరికలనగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని జార్జియా రాష్ట్రమున, టిఫ్టన్ పట్టణమందలి వ్యవసాయ పరిశోధన కేంద్రమున రూపొందింపబడిన పచ్చిక రకములు. వీనికి మూలమైన గరిక, శాస్త్రజ్ఞుల సైనోడాన్ డాక్టిలాన్, తెలుగువారికి క్రొత్తది కాదు; వినాయకచవితినాడు భక్తితో త్రుంచి తెచ్చు గరికయే చేనిలో కనబడినచో రైతు పారపట్టి పెళ్లగింప యత్నించు మొండి కలుపు. నేలపై ప్రాకు కాడలును నేలలోపల సాగు కాండములును కణుపు కణుపునను వేళ్లూనుటచేత, దానిని ముక్కలుగా నరికినను కణుపుగల ప్రతి ముక్కయు మరల మొక్క కాగలదు. కృషీవలునకు శత్రువైన ఈ గుణమే పచ్చిక పెంచువానికి పరమమిత్రము.

ధాన్యపు పైరులను మెరుగుపరచు శాస్త్రజ్ఞునకు దిగుబడి యను కొలమానము కలదు; పచ్చిక విషయమున కాటాలో తూచదగినది లేదు. త్రొక్కిడికి చినిగిన చోట అది త్వరగా అల్లుకొనవలెను, కాని మాటిమాటికి కోయవలసినంత ఎత్తు పెరుగరాదు. నీరు తగ్గినను పచ్చదనము వీడరాదు, ఎరువు మిక్కిలిగా కోరరాదు. పరస్పరము పొసగని ఈ గుణములను ఒక్క మొక్కలో సమకూర్చుటయే అసలు చిక్కు. నేటికిని అమెరికా జాతీయ పరీక్షలలో రకముల నాణ్యమునకు 1 నుండి 9 వరకు మార్కులను కంటిచూపుతో వేయుచుందురు. ఇది శాస్త్రమా యని శంకించువారు, పచ్చికను చివరకు మెచ్చవలసినదియు కన్నే యని గుర్తింపవలెను.

ఈ రంగమున అగ్రగణ్యుడు గ్లెన్ బర్టన్ (1910–2005). 1936లో టిఫ్టన్ చేరిన ఈయన మొదట పశుగ్రాసముపై దృష్టి నిలిపి, 1943లో కోస్టల్ అను గరికను వెలువరించెను. తరువాత గోల్ఫ్ మైదానములలో మేలుగా నిలిచిన గరికలను సేకరించి, వానిలో కొన్నిటిని సన్నని ఆకులుగల ఆఫ్రికా గరికతో సంకరపరచెను. సాధారణ గరిక కణమున 36 క్రోమోసోములు, ఆఫ్రికా గరికయందు 18 ఉండగా, సంకరసంతతికి 27 మాత్రమే సంక్రమించును. బేసి లెక్కగల ఆ క్రోమోసోములు సరిగా జతగూడి విడివడజాలవు గనుక ఆ మొక్క గొడ్డుదగును. గింజ కట్టనందున విత్తనము రాలి తోటలో వేరురకపు మొలకలు లేచు బాధ తప్పును.

1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే వెలువడెను. వీనిలో జగద్విఖ్యాతమైన టిఫ్‌వే బుద్ధిపూర్వకముగా చేసిన సంకరముకాక, దక్షిణాఫ్రికానుండి వచ్చిన గింజలలో దైవికముగా దొరికినది. దొరికినదానిని గుర్తించు చూపు మాత్రము దైవికము కాదు. టిఫ్‌గ్రీన్ పరచిన గోల్ఫ్ మైదానములందు తనంత తాను మారి పొట్టిగా పెరిగిన తునకలనుండి ఏరిన టిఫ్‌డ్వార్ఫ్ 1965లో బయటికి వచ్చెను.

ఈ పాత రకములు మొండివేగాని మితవ్యయములు కావు. గోల్ఫ్ గుంటచుట్టు నునుపు నిలుపుటకు వానిని దినదినము కోయవలసియుండెను. కోతకన్న నీటిని ప్రధానముగ నెంచిన పరిశోధన తరువాతి తరమువారిది. వేన్ హన్నా, బ్రయన్ ష్వార్ట్జ్ అనువారు వాన పడినంతనే కప్పుకొను కదలు కప్పులక్రింద మడులను ఎండగట్టి, ఏ మడి ఎన్నడు వాడునో, తిరిగి నీరందినంతనే ఏది ముందు చిగుర్చునో చూచి, అట్టి పరీక్షలలో నెగ్గినదానిని 2014లో టిఫ్‌టఫ్ పేర విడుదల చేసిరి. నీడను సహింపజాలమి యను జాతిదోషము మాత్రము ఈ రకములను పూర్తిగా వదలలేదు. చెట్లక్రింద వీనిని నాటి విచారించుట వ్యర్థము.

వీనిని నాటుటకు కణుపులుగల కాడముక్కలనో, మట్టితోసహా కోసిన పచ్చిక పలకలనో వాడవలెను. గింజ కట్టని మొక్కలు గనుక, విత్తనపు పొట్లముపై టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ అను పేరు కనబడినచో ఆ పొట్లమును కొనకుండుట మేలు.