చక్రాల మీద ఇల్లు, చేతిలో పానా

1918 వేసవిలో పెన్సిల్వేనియాలోని కానెల్స్‌విల్ దగ్గర ఒక పెద్ద కారు ఆగిపోయింది. ఫ్యాను విరిగి రేడియేటర్‌కు చిల్లు పెట్టింది. గ్యారేజీ వాళ్లు చూసి, కొత్త సామాను పిట్స్‌బర్గ్ నుంచి రావాల్సిందేనన్నారు. కారులో వచ్చినవాళ్లలో ఒకాయన కోటు విప్పి పక్కన పెట్టి, పనిముట్లు అందుకుని, రెండు గంటల్లో బండిని కదిలించాడు. ఆయన హెన్రీ ఫోర్డ్. వెంట ఉన్నవాళ్లు థామస్ ఎడిసన్, టైర్ల వ్యాపారి హార్వే ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్. గుడారాలు వేసుకుంటూ ఊళ్లు తిరిగే ఆ మిత్రబృందం యాత్రలో జరిగిన ఈ సంగతిని బరోస్ తర్వాత ఒక వ్యాసంలో రాసిపెట్టాడు.

అంతటి మెకానిక్ అందరి వెంటా రాడు కదా! ఫోర్డ్ తయారుచేసిన మోడల్-టి కార్లు కొన్న సామాన్యులు తమ బండిని తామే బాగుచేసుకోవడం నేర్చుకున్నారు. ఆ కారులో పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది. పంపు లేదు. పెట్రోలు తనంతట తాను ఇంజిన్‌లోకి దిగాలి. ట్యాంకు సగానికి తగ్గాక నిటారు కొండ ఎదురైతే ఇంజిన్‌కు చుక్క అందేది కాదు. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్సులో కొండ ఎక్కించేవారు. 1919లో ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలోని డిసోటో పార్కులో ఇలాంటి సంచారులు ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూతకు టంకం వేసి అతికించిన రేకు డబ్బా వాళ్ల గుర్తు. ఒకరి బండి ఆగితే మరొకరు సాయపడటం సంఘం పెట్టుకున్న ధర్మం. సంచార జీవితంలో బండి మొరాయించడం ఎంత పాతదో, పానా పట్టుకుని పక్కబండి మనిషి పరుగెత్తుకు రావడమూ అంతే పాతది.

పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ చక్రాల మీదికెక్కించిన బండిని అమెరికాలో ఆర్‌వీ అంటారు. లారీలా సొంత ఇంజిన్ ఉన్నవి కొన్ని, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్లు కొన్ని. ఈ పరిశ్రమ తొలినాటి విజయాల్లో ఒకటి పనిచేయని సామాను తెప్పించిన చిరాకులోంచే పుట్టింది. డెట్రాయిట్ ప్రాంతంలో ఆర్థర్ షెర్మన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఉండేవాడు. 1920ల చివర్లో ఆయన గుడారం మడతపెట్టి ఉండే ట్రైలర్ ఒకటి కొన్నాడు. నిమిషాల్లో విప్పుకోవచ్చని అమ్మినవాళ్లు చెప్పారు. తీరా విహారానికి వెళ్లినచోట వాన మొదలైంది, గుడారం లేవలేదు, ఆయన తడిసి ముద్దయ్యాడు. ఇంటికొచ్చి గట్టి గోడలున్న ట్రైలర్ తయారుచేయించుకున్నాడు. పిల్లలు దానికి ‘కవర్డ్ వాగన్’ అని పేరు పెట్టారు. 1930 డెట్రాయిట్ మోటారు ప్రదర్శనలో పెడితే జనం ఎగబడ్డారు. 1936 నాటికి ఆయన కంపెనీ దేశంలోకెల్లా పెద్ద ట్రైలర్ తయారీ సంస్థ.

అవి ఆర్థిక మాంద్యం రోజులు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, పని వెతుక్కుంటూ రాష్ట్రాలు దాటినవాళ్లు ఈ ట్రైలర్లలోనే కాపురాలు పెట్టారు. ఇంకో ఇరవై ఏళ్లలో అమెరికా జనాభాలో సగానికి పైగా ట్రైలర్లలోనే ఉంటారని ఆర్థికవేత్త రోజర్ బాబ్సన్ జోస్యం చెప్పాడు. అది ఫలించలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పరిశ్రమ రెండుగా చీలింది. ఒకచోట దించి కాపురముండేవి మొబైల్ హోములయ్యాయి, విహారానికి తిప్పేవి ఆర్‌వీలయ్యాయి. 1976లో మొబైల్ హోములకు కేంద్ర ప్రభుత్వ గృహ నిర్మాణ ప్రమాణాలు వచ్చాయి. ఆర్‌వీలు వాటి పరిధిలోకి రాలేదు. వాటిలో ఏడాది పొడవునా బతికేవాళ్లను ఆ చీలిక ఈనాటికీ వేధిస్తోంది.

ట్రైలర్ ఎక్కడ విరుగుతుందో తెలియాలంటే దాన్ని విరిగేదాకా నడపాలని నమ్మినవాడు వాలీ బయమ్. ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు అల్యూమినియం ట్రైలర్లను తయారుచేసినవాడాయన. 1951లో 63 ట్రైలర్లను వెంటబెట్టుకుని మెక్సికో మీదుగా మధ్య అమెరికాకు బయల్దేరాడు. దక్షిణానికి పోయేకొద్దీ రోడ్లు దారుణంగా తయారయ్యాయి. చివరిదాకా నిలిచినవి 14. ఇంకొకరైతే ఆ లెక్కను దాచిపెట్టేవారు. బయమ్ మాత్రం యాత్రలు ఆపలేదు, దెబ్బతిన్న ప్రతి భాగాన్నీ పాఠంగా తీసుకుని ట్రైలర్లను మార్చుకుంటూ పోయాడు. 1959లో 41 ట్రైలర్లతో కేప్‌టౌన్‌లో బయల్దేరి, బురదలో కూరుకుపోతూ, ఒకరినొకరు లాక్కుంటూ, మరుసటి ఏడాది కైరో చేరారు. ఆయన పోయాక 1963-64లో సాగిన ప్రపంచయాత్ర సింగపూర్‌లో మొదలై మన దేశం మీదుగానే యూరప్‌కు వెళ్లింది.

ఆఫ్రికా యాత్ర ముగిసిన ఏడాదే, 1960లో, రచయిత జాన్ స్టైన్‌బెక్ పికప్ ట్రక్కు మీద గది కట్టించుకుని, కుక్కను తోడు తీసుకుని అమెరికా చుట్టాడు. మోయలేనంత బరువెక్కించిన ఆ బండి టైరు ఆరెగన్‌లో వాన కురుస్తున్న ఒక ఆదివారం పేలిపోయింది. ఆ బరువుకు తగిన టైర్లు దొరకడం కష్టమైన చోట ఒక గ్యాస్ స్టేషన్ మనిషి ఫోన్ల మీద ఫోన్లు చేసి తెప్పించిపెట్టాడు.

టైరు పేలితే కారణం కంటికి కనిపిస్తుంది. ఇంటి సామాను అలా కాదు. ఆర్‌వీ కాపురంలో ఎక్కువ కన్నీళ్లు పెట్టించింది ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్సర్ వాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు గ్యాసు మంటతో చల్లదనం పుట్టించే యంత్రం కనిపెట్టారు. ఎలక్ట్రోలక్స్ కంపెనీ దాన్ని కొని ప్రపంచమంతా అమ్మింది. ఆర్‌వీల్లో చేరిన ఆ ఫ్రిజ్‌లో మోటారు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. అమ్మోనియా కలిసిన నీటిని కింద మంట వేడిచేస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి ద్రవమై, హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని పీల్చుకుంటుంది. తర్వాత నీటిలో కరిగి కిందికి జారి మంట దగ్గరికి చేరుతుంది. కరెంటు తీగ లేని అడవిలో కూడా ఐస్ గడ్డకట్టించగల ఈ అమరిక నిజంగా అద్భుతం.

కానీ అది పనిచేసేదంతా భూమ్యాకర్షణ మీద. బండిని ఏటవాలు నేల మీద నిలిపి ఫ్రిజ్ వేసి పడుకుంటే ద్రవం గొట్టం వంపుల్లోనే నిలిచిపోతుంది, మంట మీది భాగం ఎండిపోయి మితిమీరి వేడెక్కుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి గొట్టాన్ని మూసేస్తుంది. పూర్తిగా మూసుకుపోతే ఇక బాగుపడదు. అది ఒక్క రాత్రిలో బయటపడకపోవచ్చు. పదిచోట్ల చేసిన అశ్రద్ధ కలిసి పదకొండో చోట, మండుటెండలో, పాలు విరిగిపోయినప్పుడు తెలుస్తుంది. అందుకే అనుభవమున్న సంచారి బండి ఆపగానే రసమట్టం తీసి నేల చూస్తాడు, చక్రాల కింద చెక్కలు పెడతాడు. చెడిన ఫ్రిజ్‌ను బయటికి లాగి తలకిందులుగా నిలబెట్టి, లోపలి ద్రవాన్ని కదిలించి బతికించే నాటువైద్యం కూడా ఈ జనంలో ఉంది. ఒక్కోసారి ఫలిస్తుంది. 2006 తర్వాత, ఇలాంటి ఫ్రిజ్‌ల గొట్టాలు పగిలి మంటలు రేగుతున్నాయని లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచి బాగుచేయాల్సి వచ్చింది. ఇప్పుడిప్పుడే బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు వాటి చోటు తీసుకుంటున్నాయి.

మామూలు ఇంట్లో దీపం వెలగకపోతే ఫ్యూజు చూస్తాం. ఆర్‌వీలో బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల కరెంటు వేరు, బయటి నుంచి వచ్చే 120 వోల్టులు వేరు, ఇవి కాక ప్రొపేన్ గ్యాసు. హీటరు గ్యాసుతో మండుతుంది, దాని ఫ్యాను మాత్రం బ్యాటరీతో తిరుగుతుంది. చలిరాత్రి హీటరు ఆగితే తప్పు గ్యాసు బండలో ఉందో, బ్యాటరీలో ఉందో, తీగలో ఉందో వెతకాలి. 1990లో న్యూమార్ కంపెనీ మోటార్‌హోముల్లో స్లైడ్-అవుట్ తెచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. మీట నొక్కితే గోడ పక్కకు జరిగి గది వెడల్పయ్యే ఏర్పాటు ఇది. కొనేవాళ్లకు ఎంతో నచ్చింది. కానీ మోటారు మొరాయించి గోడ లోపలికి రాకపోతే ఇల్లు ఉన్నచోటి నుంచి కదలదు.

ఇలాంటి వేళల్లో ఆదుకున్నవి సంఘాలే. 1963 జులై 20న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీకి 26 కుటుంబాలు సొంత బస్సు-ఇళ్లలో వచ్చాయి. ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ అక్కడే పుట్టింది. పాత బస్సులను తామే కోసి ఇళ్లుగా మలచుకున్నవాళ్లు కొత్త సభ్యులకు పని నేర్పారు. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు ఎస్కేపీస్ క్లబ్ స్థాపించారు. విహారానికి వచ్చిపోయేవాళ్ల కోసం కాదు, స్థిరమైన ఇల్లే లేకుండా రోడ్డు మీద బతికేవాళ్ల కోసం. తర్వాత టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ దానికి కేంద్రమైంది. ఉత్తరాలను వాళ్లున్న చోటికి పంపడం, నిలవడానికి చోటివ్వడం, వయసు మళ్లిన సంచారులను చూసుకోవడం, ఇవన్నీ ఆ క్లబ్ చేపట్టింది. చెయ్యి తిరిగిన పొరుగువాడు దొరకడం వాళ్లకు బీమా కంటే గట్టి భరోసా.

అయినా పొరుగువాడి పానాతో తీరని కష్టం ఒకటుంది. పెద్ద మరమ్మతైతే బండిని షెడ్డులో వదలాలి. సామాను రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. విహారానికి వాడేవాడికి పోయేది సెలవు మాత్రమే. అందులోనే బతికేవాడికి ఆ రాత్రి తల దాచుకునే చోటే పోతుంది. ఛాసిస్ ఒక కంపెనీది, ఫ్రిజ్ ఇంకొకరిది, పైకప్పు మరొకరిది. ఎవరి వారంటీ వారిదే. లోపమున్న వాహనాన్ని వెనక్కిచ్చే హక్కు కల్పించే లెమన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో మోటార్‌హోము ఇంజిన్‌కు, ఛాసిస్‌కు వర్తిస్తాయి. మనిషి నివసించే భాగానికి వర్తించవు. ఆర్‌వీ విహారం కోసమే, శాశ్వత నివాసం కోసం కాదని 2018లో కేంద్ర గృహ శాఖ నిబంధన మరోసారి స్పష్టం చేసింది. ‘నోమాడ్‌ల్యాండ్’ సినిమాలో వ్యాన్ చెడిపోయిన కథానాయిక ఫెర్న్‌కు, అంత డబ్బు పోసి బాగుచేయడం దండగ అని మెకానిక్ సలహా ఇస్తాడు. తాను ఉండేది అందులోనేనని ఆమె చెప్పుకోవాల్సి వస్తుంది. చట్టం వినాల్సిన మాట కూడా అదే.

2021లో అమెరికాలో రికార్డు స్థాయిలో 6,00,240 ఆర్‌వీలు ఫ్యాక్టరీలు దాటాయి. వీటిలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారయ్యేవే. బండ్లు పెరిగినంత వేగంగా వాటిని బాగుచేసే మెకానిక్‌లు పెరగలేదు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు కూడా ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో ఆర్‌వీ అద్దెకు తీసుకుని వెళుతున్నాయి. వెళ్లేవాళ్లు బండి ఆపగానే ముందు రసమట్టం చూసుకోండి. అందులోనే కాపురం పెట్టాలనుకునేవాళ్లు సంతకం చేసేముందు వారంటీ కాగితంలో పూర్తికాల నివాసం గురించి రాసిన పేరా వెతికి చదవండి. ఏడాదంతా అందులోనే ఉంటే పూచీ లేదని చాలా కంపెనీలు అక్కడే రాస్తాయి.