బదిలీ బత్తెం పుట్టుపూర్వోత్తరాలు

పని మీద ఊరు విడిచి వెళ్లే మనిషికి పూటపూటా తిండి ఖర్చుకు ఇచ్చేది బత్తెం. దీనికి దగ్గరి చుట్టమైన 'బత్తా' ఈస్టిండియా కంపెనీ లెక్కల్లోకి చేరి, కోర్టు సాక్షి బత్తా దాకా పాకింది. 'బదిలీ' అరబ్బీ బదల్ నుంచి, ఉర్దూ కచేరీల మీదుగా వచ్చిన మాట. ఈ రెండూ కలిసి టీటీఏ బిల్లుగా మారాయి. బదిలీ అయిన ఉద్యోగికి ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ భత్యం అది. అయితే దారి ఖర్చు కోసం పుట్టిన బత్తెం ఈనాటికీ దారి దగ్గరే ఆగింది. కాపురం మారే ఖర్చు చాలావరకు ఉద్యోగి మీదే పడుతోంది.

కొల్లాపూర్ సంగతే తీసుకుంటే, ఒకప్పుడు ఇక్కడ బదిలీ అన్న ఊసే లేదు. కృష్ణకు దగ్గర్లో, నల్లమల అంచున ఉన్న ఈ పట్టణం సురభి వంశపు రాజులది. జటప్రోలు నుంచి రాజధాని ఇక్కడికి మారింది. సంస్థానాల్లో కొలువంటే చాలావరకు ఇనాం భూమి, వంశపారంపర్య హక్కు. పని చేసేవాడూ వాడిని పోషించే చేనూ ఒకే ఊళ్లో ఉండేవి. ఊళ్ల పటేల్, పట్వారీ కొలువులదీ అదే తీరు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కి వస్తూనే ఉన్నాయి.

ఊళ్లు తిరిగే జీతగాడు నిజాం దివానీ పాలనతో వచ్చాడు. 1853లో హైదరాబాదు దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్, 1865లో జిలాబందీ పెట్టి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి తీసి జీతం మీద పనిచేసే తాలూకాదార్లకు, తహసీల్దార్లకు అప్పగించాడు. అధికారి ఒకేచోట వేళ్లూనుకుంటే సర్కారు సొమ్ము కన్నా సొంత బలగమే పెరుగుతుందన్న భయానికి బదిలీ మందు. ఆ మందు సర్కారుకు బాగానే పనిచేసింది. దాని ఖర్చు మాత్రం ఉద్యోగి ఇంటికి చేరింది.

బత్తా మీద గొడవ బెంగాల్‌లో ఇంకా ముందే జరిగింది. ప్లాసీ యుద్ధం తర్వాత కంపెనీ సైనికాధికారులు రెట్టింపు బత్తాకు అలవాటు పడ్డారు. 1766 జనవరి 1 నుంచి బెంగాల్ గవర్నర్ రాబర్ట్ క్లైవ్ దాన్ని ఆపేయడంతో వాళ్లు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. క్లైవ్ ఆ తిరుగుబాటును అణచివేశాడు. బత్తా మీద సర్కారుకున్న అనుమానం 1922 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లోనూ కనిపిస్తుంది. ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే భత్యం మొత్తం మీద లాభసాటి కాకూడదని 44వ నిబంధన చెబుతుంది. భత్యం లాభం కాకూడదన్న ఆ పుస్తకం, బదిలీ నష్టం కాకూడదని ఎక్కడా అంత గట్టిగా చెప్పలేదు. ఈ విషయంలో అసలు లోపం అదే. తెలంగాణ ఉద్యోగుల సర్వీసుకు ఇప్పటికీ ఆ రూల్సే ఆధారం.

బదిలీకి హద్దు మాత్రం స్థానికత గొడవ నుంచి వచ్చింది. నిజాం కాలంలో బయటివాళ్లు ఇక్కడి కొలువుల్లో చేరకుండా ఆపిన అడ్డుకట్ట ముల్కీ నిబంధన. 1919 నాటి ఆ ఫర్మానా ప్రకారం బయటివాడికి ముల్కీ హక్కు రావాలంటే 15 ఏళ్లు ఇక్కడ స్థిరంగా ఉండాలి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నట్టు ప్రమాణపత్రం ఇవ్వాలి. 1948 పోలీసు చర్య తర్వాత బయటి నుంచి ఉద్యోగులు పెద్ద ఎత్తున రావడం, 1952లో ముల్కీ ఉద్యమం, 1969 ఆందోళన తెలిసినవే. చివరికి రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆరు జోన్లయింది. కొల్లాపూర్ ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా ఆరో జోన్‌లో పడింది. గుమాస్తా స్థాయి ఉద్యోగాలు జిల్లా కేడర్‌లో ఉండటంతో చిన్న ఉద్యోగి బదిలీ జిల్లా దాటేది కాదు. అయినా ఆ జిల్లా చిన్నదేమీ కాదు. కొల్లాపూర్ నుంచి మక్తల్‌కు బదిలీ అయితే కాపురం మొత్తం కదలాల్సిందే.

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా ముక్కలై, కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. 2018లో తెలంగాణ కోసం వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు ఏర్పాటు చేసింది. దాని అమలు కోసం 2021 డిసెంబర్ 6న వచ్చిందే 317 జీవో. ఉమ్మడి జిల్లా ఉద్యోగులను సీనియారిటీ వరుసలో కొత్త జిల్లాలకు పంచారు. సీనియర్లు కోరుకున్నాక మిగిలిన చోట్లు జూనియర్లకు వచ్చాయి. స్థానికతను లెక్కలోకి తీసుకోలేదన్నది ఉద్యోగుల ప్రధాన ఫిర్యాదు. భార్య ఒక జిల్లాకు, భర్త ఇంకో జిల్లాకు పడ్డ ఇళ్లలో ఒక్క జీవోతో రెండు పొయ్యిలు వెలిగాయి. మామూలు బదిలీ అయితే కొన్నేళ్లకు తిరిగి వస్తామన్న ఆశ ఉంటుంది. ఈ కేటాయింపు శాశ్వతమన్నారు.

కాపురం మారే ఖర్చు ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలి. చేతికి ఆర్డరు రాగానే పాత ఆఫీసులో రిలీవ్ కావాలి. డీసీఎం వ్యాను మాట్లాడుకోవాలి, బీరువా ఎక్కించే హమాలీలకు ఇవ్వాలి. కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సు, మొదటి నెల కిరాయి, పిల్లల బడి ఫీజు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పాత ఆఫీసు నుంచి చివరి వేతన ధ్రువపత్రం రాకపోతే కొత్త చోట జీతం బిల్లు కదలదు. డబ్బు ఎప్పటికన్నా ఎక్కువ అవసరమైన నెలలోనే జీతం ఆగుతుంది. అక్కడే చేబదులు మొదలవుతుంది, లేదా చిట్టీ పాడుకోవాల్సి వస్తుంది. టీటీఏ బిల్లు పెట్టినా ట్రెజరీలో టోకెన్ పడి నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. సొంత కోరిక మీద బదిలీ అడిగితే ఆ బిల్లు కూడా ఉండదు. ముసలి తల్లిదండ్రుల కోసం వెళ్లినా అది కోరిక కిందికే వస్తుంది.

అందుకే చాలామంది కాపురం కదపరు, 'అప్ అండ్ డౌన్' చేస్తారు. కొల్లాపూర్‌కు రైలు లేదు. నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ నుంచి బస్సో బైకో దిక్కు. ఆ రోజువారీ ఖర్చు ఏ బిల్లులోనూ ఎక్కదు.

ఇంటద్దె భత్యం ఇంకో దెబ్బ. 2021 వేతన సవరణతో తెలంగాణలో ఈ శ్లాబులు 24, 17, 13, 11 శాతాలయ్యాయి. హైదరాబాదు 24లో ఉంది, 50 వేల జనాభా లేని కొల్లాపూర్ 11లో ఉంది. మూలవేతనం 40,000 అయితే హైదరాబాదులో 9,600, కొల్లాపూర్‌లో 4,400. పిల్లల చదువు కోసం కుటుంబాన్ని హైదరాబాదులోనే ఉంచినవాడికి అక్కడి కిరాయి తగ్గదు, భత్యం మాత్రం నెలకు 5,200 తగ్గుతుంది.

కేంద్ర ఉద్యోగికి ఏడో వేతన సంఘం తర్వాత, బదిలీ అయి ఊరు మారితే చార్జీలు, సామాను రవాణా కాక మూలవేతనంలో 80 శాతం ఏకమొత్తంగా ఇస్తున్నారు. అదే 40,000 మీద 32,000. కాపురం మారడం ఖర్చేనని ఒప్పుకున్న లెక్క ఇది. రాష్ట్ర ఉద్యోగికీ అలాంటి మొత్తాన్ని బదిలీ ఉత్తర్వుతో పాటే, రిలీవ్ అయ్యేలోపు చేతికివ్వాలి.