మైనస్ 30లో ఎలక్ట్రిక్ కారు: ధ్రువం నుంచి ధ్రువం దాకా సఫర్ ఏం చెప్పింది?

2023 డిసెంబర్ 15న ఒక ఎలక్ట్రిక్ కారు దక్షిణ ధ్రువానికి చేరింది. నడిపింది స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కు చెందిన భార్యాభర్తలు క్రిస్ రామ్సే, జూలీ రామ్సే. కారు నిస్సాన్ అరియా. అదే ఏడాది మార్చిలో కెనడా ఉత్తరాన గడ్డకట్టిన ప్రాంతంలో బయలుదేరి, 14 దేశాలు దాటి, 30,000 కి.మీ.కు పైగా ప్రయాణించారు.

ఇదంతా మనకెందుకు అనుకోవచ్చు. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు నుంచి వెళ్లిన మన పిల్లలు ఇవాళ చికాగోలో, టొరంటోలో ఉంటున్నారు. అక్కడ జనవరి చలి మామూలుగా ఉండదు. "ఎలక్ట్రిక్ కారు కొంటున్నా" అని కొడుకు ఫోన్‌లో చెప్తే ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: మంచులో మధ్యదారిలో ఆగిపోతే ఎలా? దానికి జవాబు ఈ ప్రయాణాల్లో దొరుకుతుంది.

ఎక్కడి నుంచి ఎక్కడికి?

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. రామ్సే దంపతులు బయలుదేరింది మ్యాపు పైన కనిపించే ఉత్తర ధ్రువం నుంచి కాదు. అది సముద్రం మీద తేలే మంచులో ఉంటుంది. వాళ్లు మొదలుపెట్టింది 1823 నాటి అయస్కాంత ఉత్తర ధ్రువం నుంచి. దిక్సూచి ముల్లు చూపే ఈ చోటు ఏటా జరుగుతూ ఉంటుంది. 1823లో అది కెనడా ఆర్కిటిక్ ప్రాంతంలో ఉండేది. అక్కడి నుంచి కెనడా, అమెరికా, మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా మీదుగా చిలీ చివరికి వెళ్లి, అంటార్కిటికాకు చేరారు. పనామా, కొలంబియాల మధ్య అడవిలో రోడ్డే లేదు. అక్కడ ఏ కారైనా ఓడ ఎక్కాల్సిందే.

వీళ్లకు ఇది మొదటిసారి కాదు. 2017లో నిస్సాన్ లీఫ్ కారులో బ్రిటన్ నుంచి సైబీరియా దాకా మంగోల్ ర్యాలీ పూర్తిచేశారు. ఆ ర్యాలీ పూర్తిచేసిన మొదటి ఎలక్ట్రిక్ కారు అదే.

అరియాలో ఏం మార్చారు? ఐస్‌లాండ్‌కు చెందిన ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ 39 అంగుళాల టైర్లు బిగించింది. వాటికి తగ్గట్టు సస్పెన్షన్, మడ్‌గార్డులు మార్చింది. బ్యాటరీ, మోటారు మాత్రం షోరూమ్ కారులో ఉండేవే. అసలు విశేషం ఇదే. చలిని తట్టుకోవడానికి కొత్త బ్యాటరీ ఏదీ కనిపెట్టలేదు.

చలిలో బ్యాటరీకి ఏమవుతుంది?

లిథియం బ్యాటరీ లోపల ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు దాని గుండానే అటూ ఇటూ కదులుతాయి. చలి పెరిగితే ఆ ద్రవం చిక్కబడి కదలిక నెమ్మదిస్తుంది. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరి నూనెను సీసాలోంచి వంచినట్టే. నూనె ఎక్కడికీ పోలేదు, బయటికి రావడమే కష్టం. బ్యాటరీ వెచ్చబడితే శక్తి మళ్లీ అందుతుంది.

దాంట్లోంచి తీసుకోవడం కంటే దాంట్లోకి పంపడం ఇంకా కష్టం. సున్నా డిగ్రీల కంటే దిగువన బలవంతంగా ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహంలా పేరుకుపోతుంది. ఈ నష్టం శాశ్వతం. అందుకే కారులోని కంప్యూటర్ ముందు బ్యాటరీని వెచ్చబెట్టి, ఆ తర్వాతే ఛార్జింగ్ వేగం పెంచుతుంది. బ్రేక్ వేసినప్పుడు తిరిగి వచ్చే కరెంటు కూడా చల్లటి బ్యాటరీలోకి సరిగా వెళ్లదు. అరగంటలో అయ్యే ఛార్జింగ్‌కు గంట పైన పట్టేది అందుకే.

అసలు ఖర్చు హీటర్‌ది

పెట్రోల్ ఇంజిన్ తాగే ఇంధనంలో ఎక్కువ భాగం వేడిగా వృథా అవుతుంది. చలిదేశంలో ఆ వృథా వేడే లోపల కూర్చున్నవాళ్లకు ఫ్రీగా దొరుకుతుంది. ఎలక్ట్రిక్ మోటారు వృథా చేసేది చాలా తక్కువ. కాబట్టి వేడి కావాలంటే బ్యాటరీ నుంచే కొనుక్కోవాలి.

అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ లేకుండా నడిపితే రేంజ్ సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేస్తే 41 శాతం తగ్గింది. అంటే కోతలో పెద్ద వాటా చలిది కాదు, మనకు కావాల్సిన వెచ్చదనానిది.

మన కరెంటు బిల్లు భాషలో హిసాబ్ వేద్దాం. అరియా పెద్ద బ్యాటరీలో 87 యూనిట్లు పడతాయి. గడ్డకట్టే చలిలో ఆగి ఉన్న కారు హీటర్ గంటకు 4 యూనిట్లు తీసుకుంటుందనుకోండి. రాత్రి 10 గంటలకు 40 యూనిట్లు. కారు అడుగు కూడా కదలకుండానే బ్యాటరీ సగానికి వచ్చేస్తుంది. హీట్ పంప్ ఉన్న కార్లలో ఈ ఖర్చు తగ్గుతుంది కానీ చలి బాగా ముదిరితే హీట్ పంప్ ఆదా కూడా తగ్గిపోతుంది.

మరి కరెంటు ఎక్కడి నుంచి?

ధ్రువాల దగ్గర అసలు పరీక్ష ఇదే. గాలి మరతో, సోలార్ పలకలతో నడిచే ఒక ఛార్జింగ్ యూనిట్‌ను రామ్సే బృందం తయారు చేయించుకుంది. అంటార్కిటికాకు వచ్చేసరికి దాన్ని వదిలేసి పెట్రోల్ జనరేటర్ మీద ఆధారపడాల్సి వచ్చింది.

ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న జనరేటర్ అందులోంచి ఇచ్చే కరెంటు 2 యూనిట్ల చుట్టూ ఉంటుంది. ఈ లెక్కన 87 యూనిట్ల బ్యాటరీ నింపడానికి దాదాపు 40 లీటర్లు కాల్చాలి. కాబట్టి ఆ మంచులో కారు ఎలక్ట్రిక్ అయినా ఇంధనం పెట్రోలే. దానివల్ల ఆ దంపతుల సాహసం చిన్నదైపోదు. చలిలో కారు నడుస్తుందని వాళ్లు నిరూపించారు. పొగ లేని ప్రయాణం మాత్రం అక్కడ ఇంకా సాధ్యం కాలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా అంటార్కిటికాలోనే ఉంది. బెల్జియం వాళ్ల ప్రిన్సెస్ ఎలిజబెత్ పరిశోధన కేంద్రం గాలి, ఎండతో వచ్చే కరెంటు మీద నడుస్తుంది. మొనాకోకు చెందిన వెంచురీ సంస్థ 2021 డిసెంబర్‌లో ఆ కేంద్రానికి ఒక ఎలక్ట్రిక్ వాహనం ఇచ్చింది. చక్రాల బదులు బుల్‌డోజర్‌లా పట్టాలుంటాయి. మైనస్ 50 డిగ్రీలకు తట్టుకునేలా కట్టారు. తీరా అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 10 దాకా పెరిగింది. మంచు మెత్తబడి పట్టాల చక్రాలకు అంటుకుంది, క్యాబిన్ లోపల వేడి ఎక్కువైంది. 50 కి.మీ. వెళ్లాల్సింది 40 కి.మీ.కే పరిమితమైంది. చలికి సిద్ధమైన బండిని అక్కడి వెచ్చదనం ఇబ్బంది పెట్టింది! తర్వాత దాని డిజైన్ మార్చాల్సి వచ్చింది.

చికాగో, నార్వే: ఒకే చలి, రెండు ఫలితాలు

2024 జనవరిలో చికాగోను చలి కమ్మేసినప్పుడు ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరాయి. కొన్ని అక్కడే ఆగిపోతే లాగుకెళ్లారు. హైదరాబాదీలు ఎక్కువగా తిరిగే డెవాన్ అవెన్యూ ఉన్న నగరమే అది. అదే 2024లో నార్వేలో అమ్ముడైన ప్రతి 100 కొత్త కార్లలో దాదాపు 89 ఎలక్ట్రిక్‌వే. నార్వే చలి తక్కువేం కాదు. తేడా అలవాటులో, ఏర్పాటులో ఉంది. అక్కడ చాలామంది రాత్రి ఇంట్లోనే ఛార్జ్ పెడతారు. దారి పొడవునా ఛార్జర్లున్నాయి. ఇంటి దగ్గర ప్లగ్ లేక పబ్లిక్ ఛార్జర్ మీదే బతికే అపార్ట్‌మెంట్ కుర్రాడికి కష్టం ఎక్కువ.

మన పిల్లలకు చెప్పాల్సినవి

ఒకటి, కారు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న రేంజ్ ఎంత అని కాదు, రాత్రి ఎక్కడ ఛార్జ్ పెడతావని.

రెండు, బయలుదేరే ముందు కారు ప్లగ్‌లో ఉండగానే లోపల, బ్యాటరీ వెచ్చబెట్టుకోవాలి. ఆ ఖర్చు ఇంటి కరెంటు భరిస్తుంది.

మూడు, ఫాస్ట్ ఛార్జర్‌కు వెళ్లేటప్పుడు దాన్ని కారు నావిగేషన్‌లో గమ్యంగా పెట్టాలి. చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వెచ్చబెట్టి సిద్ధం చేసుకుంటాయి.

నాలుగు, గట్టి చలిలో రేంజ్‌ను సగమే అనుకుని ప్లాన్ వేసుకోవాలి. బ్యాటరీ 20 శాతం కంటే కిందికి దిగనివ్వొద్దు.

ఐదు, మంచులో చిక్కుకుంటే పెద్ద హీటర్ తగ్గించి సీటు హీటర్ వాడాలి. అది చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. కారులో దుప్పటి, నీళ్లు, తినే సామాన్ ఎప్పుడూ ఉండాలి. పెట్రోల్ కారులో సైలెన్సర్ గొట్టాన్ని మంచు మూసేస్తే విషవాయువు లోపలికి వచ్చి ప్రాణం తీయగలదు. ఎలక్ట్రిక్ కారులో ఆ ముప్పు లేదు.

లడఖ్ వెళ్లాలనుకునే మన యువకులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎత్తు పెరిగి గాలి పలచబడితే పెట్రోల్ ఇంజిన్ బలం తగ్గుతుంది, ఎలక్ట్రిక్ మోటారుకు ఆ సమస్య లేదు. కానీ కీలాంగ్ దాటాక లేహ్ దాకా ఊళ్లు చాలా తక్కువ. ఏ ఛార్జర్ పనిచేస్తోందో ఫోన్ చేసి కనుక్కున్నాకే బండి తీయండి.