శరీర కవచం నుండి మృదుస్పర్శ దాకా: రైక్ చికిత్సా పరంపర

మానసిక గాయం దేహంలోనూ నిలిచి ఉంటుందన్న భావనను ఆధునిక చికిత్సారంగంలో బలంగా ప్రతిపాదించినవారిలో విల్హెల్మ్ రైక్ (1897-1957) ముఖ్యుడు. ఫ్రాయిడ్ అనుయాయిగా వియన్నాలో వృత్తి ఆరంభించిన ఈ వైద్యుడు, అణచుకున్న ఉద్వేగాలు కండరాల బిగువుగా స్థిరపడతాయని భావించి ఆ బిగువును ‘కవచం’ అన్నాడు. మాటలకే పరిమితమైన మనోవిశ్లేషణకు శ్వాసను, స్పర్శను జోడించాడు. అయితే ఆ స్పర్శ మృదువైనది కాదు. బిగుసుకున్న కండరాలను గట్టిగా అదిమేవాడు.

అనంతరం ‘ఆర్గోన్’ అనే విశ్వశక్తి ఉందన్నాడు. దానిని నిలువచేస్తుందన్న పెట్టెను 1941లో ఐన్‌స్టీన్ పరీక్షించి, అక్కడి ఉష్ణోగ్రతా భేదానికి గదిలోని గాలి ప్రసరణే కారణమని నిర్ధారించాడు. 1956లో అమెరికా ప్రభుత్వం రైక్ పుస్తకాలను తగలబెట్టించింది. మరుసటి ఏడు అతడు జైలులో మరణించాడు.

కుమార్తె ఎవా రైక్ (1924-2008) కూడా వైద్యురాలే. న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో నెలలు నిండని శిశువుల సంరక్షణానుభవం నుండి, సీతాకోకచిలుక రెక్కను తాకినంత సున్నితమైన మర్దన పద్ధతిని రూపొందించింది. తండ్రి శక్తివాదాన్ని ఆమె విడువలేదు.

కనుక ఈ పరంపరలోని రెండు అంశాలను వేరుచేసి చూడడం అవసరం. శక్తివాదం పరీక్షకు నిలవలేదు. గాయపడిన దేహాన్ని బలవంతంగా తెరవరాదన్న వివేకానికి మాత్రం ఆ వాదంతో పని లేదు.